ఎదురునీళ్ళు

నేను ఎదురొస్తే పోయిన పని అవుతుంది. ఇది నేను డబ్బా కొట్టుకునే మాట కాదు. ఆళ్ళగడ్డ పక్కన మా ఊరు ఊరంతా ఒకప్పుడు చెప్పిన మాట.

మా వైపు మనిషి పనిమీద గడప దాటితే మంచి మొహం ఎదురు రావాలి. చెడ్డ మొహం ఎదురైతే వెనక్కి తిరిగి, కాసేపు కూచుని, గుక్కెడు మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. మా నాయన లక్ష్మీనారాయణ చేలో బోరు వేయించిన రోజు, బోరు లారీ మా వీధిలోకి తిరుగుతుంటే నేను కుళాయి దగ్గర నుంచి నీళ్ళ చెంబుతో ఎదురయ్యానట. పక్క చేలల్లో దుమ్ము తప్ప ఏమీ రాని ఏడాది అది. మా చేలో నీళ్ళు మనిషెత్తు ఎగజిమ్మాయి.

అప్పటినుంచి నన్ను నిమ్మళంగా ఉండనిచ్చారా? పరీక్షలకు పోయేవాళ్ళు, పెళ్ళిచూపులకు పోయేవాళ్ళు, కోర్టు వాయిదాకు పోయేవాళ్ళు తెల్లారేసరికి మా వాకిట్లో నిలబడేవాళ్ళు. "లచ్చినారాయణా, మీ పాపను రోంత ఎదురు పంపప్పా" అని బతిమాలేవాళ్ళు. నేనూ తక్కువదాన్ని కాదు. అరచేతిలో బెల్లం ముక్క పడితేగానీ కదిలేదాన్ని కాదు.

అందరికంటే ఎక్కువ నన్ను వాడుకున్నది నా తమ్ముడు పవన్. వాడు పుట్టేనాటికే నేను జడలు వేసుకుని బడికి పోతున్నాను. వాణ్ణి చంకన వేసుకుని తిప్పింది నేనే, బడిలో చేర్చిన రోజు ఎదురొచ్చింది నేనే. పదో తరగతి లెక్కల పరీక్ష రోజు నాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. వీడు గడప మీద కూచున్నాడు, "అక్క రాకపోతే నేను పోను" అని. దుప్పటి కప్పుకుని, పళ్ళు టకటకలాడుతుంటే వీధి చివరిదాకా పోయి ఎదురొచ్చాను. గడివేములకు కాపురానికి వెళ్ళాక కూడా వీడు నన్ను వదల్లేదు. ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందంటే ముందురోజే మా ఇంట్లో దిగేవాడు. మా ఆయన వెంకటేష్ పడీపడీ నవ్వేవాడు. "ఏమప్పా బామ్మర్దీ, మీ అక్కను ఫోటో తీసి జేబులో పెట్టుకోకూడదా?" అనేవాడు.

ఆ వెంకటేష్ రెండేళ్ళ కిందట చేలో మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. ఆ పొద్దున ఆయనకు ఎదురొచ్చింది కూడా నేనే. ఆయన చెప్పులు వేసుకుంటుంటే కాఫీ గ్లాసుతో వాకిట్లోంచి వచ్చాను. నన్ను చూసి, "ఇంగ ఈపొద్దు తిరుగులేదు" అని నవ్వి, కాఫీ తాగి వెళ్ళాడు. అప్పుడే నాకు తెలిసిపోయింది, నా మొహంలో మంచీ లేదు, చెడ్డా లేదు, కళ్ళూ ముక్కూ నోరూ తప్ప ఏమీ లేదని.

ఆయన పోయాక పుట్టినూరికి తిరిగొచ్చాను. ఊరికి మాత్రం ఇంకోలా తెలిసింది. బెల్లం ముక్కలు పెట్టినవాళ్ళే నేను వస్తుంటే సెల్‌ఫోన్ తీసి చెవిన పెట్టుకుని పక్క సందులోకి తిరగడం మొదలుపెట్టారు. ఫోను మోగనే లేదు! నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకాయన దగ్గరికే పోయి, "ఎవరప్పా ఫోన్లో, యముడా?" అని అడిగేశాను. ఆ తరువాత ఆ ఊళ్ళో ఉండబుద్ధి కాలేదు. నంద్యాలకు వచ్చి కర్రీ పాయింట్ పెట్టుకున్నాను. ఇక్కడ ఎవరి మొహం ఎవరికి కావాలి? పప్పులో ఉప్పు సరిపోతే చాలు.

పోయిన శ్రావణంలో ఒక మధ్యాహ్నం, జనం పలచబడిన వేళ, పవన్ కర్రీ పాయింట్‌లోకి వచ్చాడు. రెండేళ్ళు గోవాలో కయాక్‌లు నడపడం నేర్చుకుని, వేరేవాళ్ళకు నేర్పించి, తిరిగొచ్చాడు. కయాక్ అంటే ఒకరో ఇద్దరో పట్టే సన్నటి పడవ. రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో నడుపుతారు. మా అమ్మ అంకమ్మకు ఆ పేరు నోరు తిరగలేదు. "నా కొడుకు కయ్యం నడుపుతాడు" అని చుట్టాలందరికీ చెప్పుకునేది. ఆత్మకూరు కుర్రాడు సందీప్‌తో కలిసి, కొత్తపల్లె దాటాక కృష్ణ వెనకనీళ్ళ దగ్గర వీళ్ళు ఆ కయ్యానికి తావు చూసుకున్నారు. ఆ తావును చుట్టుపక్కలవాళ్ళు ఎదురునీళ్ళు అంటారు.

"అక్కా, ఆదివారం మొదలుపెడ్తాండాం. నువ్వు ఎదురు రావాల" అన్నాడు.

నా చేతిలో గరిటె పప్పు గిన్నెలోకి జారిపోయింది.

"ఏందీ?"

"చెవుడొచ్చిందా? జనం ముందర మొదటిసారి నేను నీళ్ళలోకి దిగేటప్పుడు నువ్వు ఎదురు రావాలంటాండా."

"అమ్మ ఊరుకుంటాదా?"

"అమ్మ సంగతి నాకిడ్సిపెట్టు. నువ్వొస్తేనే నేను దిగేది. రాకపోతే నీళ్ళు అట్నే పోనీ, నేనూ ఇంటికి పోతా."

"బెల్లం ముక్క?"

"కేజీ తెస్తా. తిని సచ్చిపో."

ఇద్దరం నవ్వాం. వాడు రెండు ప్లేట్ల అన్నం తిని, "ఇంగోటి అక్కా. సాయంత్రం జంట కయాక్‌లో నిన్ను ఎక్కిచ్చుకొని నీళ్ళ నడిమికి తీసకపోతా. మొదటి సవారీ నీదే" అని చెప్పి వెళ్ళాడు. నేను షట్టరు సగం దించి, గ్యాసు బండ పక్కన కూచుని వెక్కివెక్కి ఏడ్చాను. రెండేళ్ళలో నన్ను ఎదురు రమ్మన్నది వాడొక్కడే. ఆ ఒక్కమాటతో నేను మళ్ళీ మనిషినయ్యాననిపించింది.

ఆదివారం తెల్లవారుజామున లేచి తలంటుకున్నాను. వాడి పెళ్ళికి వాడు పెట్టిన చిలకపచ్చ చీర బీరువాలోనే ఉండిపోయింది, అది కట్టుకున్నాను. బొట్టు పెట్టుకున్నాను. బొట్టు నేను మానలేదు, మానమన్నవాళ్ళకు మంచి సమాధానమే చెప్పాను. నంద్యాల నుంచి బస్సులో ఆత్మకూరు చేరేసరికి సందీప్ బొలెరోతో సిద్ధంగా ఉన్నాడు. దారి పొడుగునా వాడు ఆ నీళ్ళ సంగతే చెప్పాడు.

"అది వంక అక్కా. నల్లమల నుంచి వచ్చి వెనకనీళ్ళలో కలుస్తాది. రెండు గుట్టల నడిమి సందులోంచి పోవాల. కింద డ్యాంలో నీళ్ళు పెరిగినాయనుకో, ఏరు ఎనక్కి తిరిగి వంకలోకి తోసుకొస్తాది. తగ్గిచ్చినారనుకో, లోపలున్నదంతా బయటికి లాగేస్తాది. సముద్రానికి ఆటుపోట్లు లేవా, అట్ల. ఆ రెంటికీ నడిమి రోంతసేపు నీళ్ళు నిలబడతాయి. మేం దిగేది అప్పుడే."

"నిలబడినప్పుడు కాకుండా దిగితే?"

"పవన్ దిగుతాడు. ఇంగెవరూ దిగరు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

బొలెరో దిగకముందే ఆ చప్పుడు వినిపించింది. దగ్గరికి వెళితే పక్కమనిషి మాట వినపడదు. రెండు నల్లటి గుట్టల మధ్య ఏరంత నీళ్ళు ఇరుక్కుని, ఎర్రగా, నురగలు కక్కుతూ లోపలికి దూసుకొస్తున్నాయి. పల్లానికి పోవలసిన నీళ్ళు మిట్టకు ఎక్కడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఒక్కోచోట గుండ్రంగా తిరుగుతూ గుంటలు పడి, మళ్ళీ పూడిపోతున్నాయి. గుట్టమీద కడ్డీలు కట్టిన చోట నంద్యాల నుంచి, కర్నూలు నుంచి వచ్చిన జనం. పిల్లలు కేకలు వేస్తున్నారు, పెద్దవాళ్ళు సెల్ఫీలు. నా తమ్ముడు ఈ నీళ్ళలోకి దిగుతాడా అని హడలిపోయాను. వాడికి ఎదురు రావలసింది నేనే కదా అని మళ్ళీ ధైర్యం వచ్చింది. నమ్మకం లేదంటూనే ఈ ధైర్యమేమిటని మీరు అడగొచ్చు. వాడు నమ్మాడు కదా, అది చాలు నాకు.

గుట్ట కింద రేకుల కొట్టంలో అమ్మ ఉంది. వచ్చినవాళ్ళకు బొరుగులతో ఉగ్గాని, బజ్జీ చేసిపెట్టే పని పెట్టుకుంది. పక్కనే పవన్ భార్య సుష్మ కొత్త చీరలో, చేతిలో స్టీలు బిందెతో నిలబడి ఉంది. బిందె అంచుదాకా నీళ్ళు. బిందె మెడకు పసుపు.

"ఏం మా, సుష్మ చేతిలో బిందె ఏందీ?" అన్నాను.

అమ్మ నా వైపు చూడలేదు. "నీళ్ళు."

"నీళ్ళని కనపడతానే ఉంది. ముందర ఏటినిండా నీళ్ళు పెట్టుకొని ఈ బిందెడు యాడికని అడుగుతాండా."

"అరవద్దు ఇంద్రజా, జనముండారు. వాడు దిగేటప్పుడు సుష్మ ఎదురొస్తాది. నువ్వు అంతసేపూ ఈ కొట్టంలోనే ఉండి బొరుగులు నానబెట్టు. మల్లా వచ్చి చూద్దువు."

"నన్ను వాడే పిలిచినాడు మా."

"వాడు పిలుస్తాడు. నీమీద ప్రేమ. తెలిసినదానివి నువ్వన్నా ఆలోచించాల గదా. కట్టుకున్నోనికి ఎదురొచ్చి..." అక్కడ ఆగిపోయింది.

"చెప్పు. ఆగినావేం? పూర్తిగా చెప్పు."

అమ్మ చేతిలో బొరుగులు నేలపాలయ్యాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ నీళ్ళు చూసినావు గదా మే. నాకు వాడొక్కడే."

"మరి నేనేందీ?"

ఆ మాటకు అమ్మ ఏడ్చింది. అమ్మ ఏడిస్తే నాకు జాలి రావాలి, రాలేదు, కోపం వచ్చింది. నేను కన్న పిల్లను కానా? నన్ను చూసి గర్వపడి, పండగరోజు వీధిలో వాళ్ళందరికీ నన్ను ఎదురు పంపి, వాళ్ళు తెచ్చిచ్చిన బెల్లం డబ్బాలో దాచింది ఈవిడే కదా?

సుష్మ మంచిపిల్ల. బిందె నా ముందు పెట్టింది. "వదినా, మీరే పోండి. ఆయన నాకు చెప్పినాడు, మీరొస్తారని. నేను అత్తను చూసుకుంటా" అంది మెల్లగా.

"బిందె నీదమ్మా, నువ్వే పెట్టుకో. నాకు చెంబు చాలు" అన్నాను. మూలనున్న చెంబుతో మంచినీళ్ళు ముంచుకుని బయటికి వచ్చేశాను.

చప్పుడు తగ్గుతోంది. లోపలికి తోసుకొస్తున్న నీళ్ళు అలిసిపోయినట్టు మెల్లబడ్డాయి. "నిలబడతాండాయి, నిలబడతాండాయి" అని జనంలో ఎవరో అరిచారు. నీళ్ళు నిలబడిన వెంటనే పవన్ దిగి సందు దాటి అవతలికి పోవాలి, తరువాత బయటికి లాగే నీళ్ళ మీద స్వారీ చేస్తూ జనానికి కనపడాలి. సందీప్ చెప్పిన ఏర్పాటు అది. గుట్టమీది గుడారం నుంచి నీళ్ళదాకా ఒకటే కాలిదావ. నేను నీళ్ళ ఒడ్డు నుంచి పైకి నడవడం మొదలుపెట్టాను. చెంబు తొణకకుండా రెండు చేతులతో పట్టుకున్నాను. పైనుంచి పవన్ వస్తున్నాడు. ఎర్ర హెల్మెట్, ఒంటికి బిగించిన జాకెట్, భుజం మీద పసుపు కయాక్. వెనకాల సందీప్.

వాడు నన్ను చూశాడు. చూడగానే మొహం విప్పారింది. పదో తరగతి లెక్కల పరీక్ష రోజు చూసిన మొహమే అది, ఆ మొహం నేను గుర్తుపట్టనా? పెదవులు "అక్కా" అన్నట్టు కదిలాయి. నేను నవ్వాను.

తరువాత వాడి నడక మెల్లబడింది. నా వెనకనున్న నీళ్ళవైపు చూశాడు. నా మొహం వైపు చూశాడు. మళ్ళీ నీళ్ళవైపు చూశాడు. కయాక్‌ను భుజం మీది నుంచి దించాడు. దించి, వెనక్కి తిరిగి, రెండడుగులు వేసి, దావ పక్క బండమీద కూచున్నాడు. సందీప్ వైపు చెయ్యి చాపాడు.

"నీళ్ళీయప్పా" అన్నాడు.

సందీప్ సీసా ఇచ్చాడు. వాడు మూత తీసి, తల ఎత్తి, గుక్కెడు తాగాడు.

నేను అక్కడే ఉన్నాను. నా చేతుల్లో నిండు చెంబు ఉంది. వాడు మూత పెడుతూ తలెత్తి నన్ను చూశాడు. అప్పుడు తెలిసింది వాడికి, తానేం చేశాడో. మొహంలో రక్తం లేదు. కావాలని చేయలేదు, అది నాకు తెలుసు. కావాలని చేసి ఉంటే చెంబు నెత్తిన కొట్టి, నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. వాడి కాళ్ళు వాటంతట అవే వెనక్కి తిరిగాయి. దానికి నేనేం చెయ్యను? ఎవరిని తిట్టను?

అప్పుడే గుట్టమీద జనం ఒక్కసారిగా కేక పెట్టారు.

నిలబడిన నీళ్ళు ఒక్క ఊపున బయటికి తిరిగాయి. వాటితోపాటు లోపలి వంక నుంచి ఒక మాను వచ్చింది. నల్లమలలో ఎక్కడ విరిగిందో, వేళ్ళతో సహా వచ్చింది. సందులో అడ్డం తిరిగి, ఒక గుట్టకు కొట్టుకుని, లేచి, రెండో గుట్టకు కొట్టుకుని, విరిగి బయటపడింది. రాళ్ళు రాలాయి. ఆ దెబ్బ మా కాళ్ళ కింద తెలిసింది.

మొదట నోరు తెరిచింది సందీప్. "కూచోకపోయింటే ఇప్పుడు పవన్ ఆ సందులో ఉంటాండె" అన్నాడు. అన్నాక నా వైపు చూసి నాలుక కరుచుకున్నాడు.

కొట్టం దగ్గర నుంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది. "అహోబిలం నరసింహా, తండ్రీ" అంటూ వాడి మొహం, చేతులు, జాకెట్ అన్నీ తడిమింది. "మంచిపని చేసినావు నాయనా. కూచున్నావు, మంచిపని చేసినావు" అని అదేపనిగా అంది. జనంలోంచి దిగొచ్చిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు నా చీర వైపు, చెంబు వైపు చూసి పక్కకు జరిగారు. ఆ పక్కకు జరగడం నాకు కొత్తేం కాదు.

వాడు బతికినందుకు నా ప్రాణం లేచొచ్చింది. అక్కడే చతికిలబడ్డాను. దేవుడా, నీకు వెయ్యి దండాలు అనుకున్నాను. ఆ వెంటనే గుండె పగిలిపోయింది. రెండూ ఒకేసారి జరిగాయి, ఏది ముందో చెప్పలేను. ఒక్క సంగతి మాత్రం గట్టిగా అరిచి అడగాలనిపించింది. వాడు కూచున్నందుకు బతికాడు, సరే. నేను ఎదురొచ్చినందుకే కదా కూచున్నాడు? సుష్మ ఎదురొచ్చి ఉంటే నవ్వుకుంటూ నేరుగా పోయి ఆ మాను కింద పడేవాడు కదా? అయితే ఈ పొద్దు వాణ్ణి కాపాడింది ఎవరి మొహం? అమ్మకు ఆ ఆలోచన రాలేదు. సందీప్‌కు రాలేదు. అంత చదువుకున్న పవన్‌కూ రాలేదు. నాకొక్కదానికే వచ్చింది. నేను చెబితే దానికి విలువేముంది?

మాను పోయాక నీళ్ళు కాసేపు చూసి పవన్ లేచాడు. అమ్మ వద్దంది. జనం ఎదురుచూస్తున్నారని వాడు ఒప్పుకోలేదు. నా పక్క నుంచే పోవాలి.

"దప్పికైంది అక్కా" అన్నాడు, నా కళ్ళలోకి చూడకుండా.

"ఊ" అన్నాను. "బేగా పో. సుష్మ వస్తాంది."

నేను దావ మీది నుంచి లేచి ఒక బండ వెనక్కి తప్పుకున్నాను. సుష్మ నిండు బిందెతో తల వంచుకుని ఎదురొచ్చింది. నా పక్కకు వచ్చేసరికి దాని కళ్ళ నిండా నీళ్ళున్నాయి. దాని తప్పేముంది పాపం.

వాడు ఆ నీళ్ళమీద ఎంత బాగా నడిపాడో కర్నూలు వాళ్ళు తీసిన వీడియోలు మీలో కొందరు చూసే ఉంటారు. నేను సరిగా చూడలేదు. పసుపు కయాక్ ఒకచోట మునుగుతుంది, ఇంకోచోట లేస్తుంది. ఒకసారి బోర్లాపడి వాడి తల కనపడలేదు. నేను బండను రెండు చేతులా పట్టుకుని, "రారా, లేరా, లేసి రారా" అని గొణుగుతూనే ఉన్నాను. తెడ్డు ఒక విసురు విసిరి లేచాడు. జనం ఈలలు, చప్పట్లు. నేను చెంబులో నీళ్ళు అక్కడే పారబోసి, కొట్టంలోకి వెళ్ళి బొరుగులు నానబెట్టాను.

సాయంత్రం జనం వెళ్ళిపోయారు. అమ్మ బొలెరోలో కునుకు తీస్తోంది. పవన్ తడి తలతో కొట్టం గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో పొట్లం ఉంది. విప్పకుండానే తెలిసింది, బెల్లం.

"అక్కా, రా. నీళ్ళు నిలబడతాండాయి. మొదటి సవారీ నీదని చెప్పినా గదా. నీకోసమని ఇంగెవర్నీ ఎక్కిచ్చుకోల్యా."

"నాకొద్దు. ఈ గిన్నెలు ఎవరు కడుగుతారు, నీ తాతా?"

"నేను కడుగుతా. రా అక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా."

నిజంగానే వంగాడు. నాకు భయం వేసింది. "లెయ్యి, లెయ్యి, వస్తాండా" అన్నాను.

జంట కయాక్‌లో ముందు నేను, వెనక వాడు. నాకు జాకెట్ బిగించి, హెల్మెట్ పెట్టి, "నువ్వేం చెయ్యొద్దు, ఊరికే కూచో. కదలొద్దు" అన్నాడు. ఆ పడవలో ముందు కూచున్నవాళ్ళకు వెనకవాళ్ళ మొహం కనపడదు. వాడికి నా వీపే కనపడుతుంది. దానికి నాకు ఊరటగా అనిపించింది. అలా అనిపించినందుకు మళ్ళీ దుఃఖం వచ్చింది.

పొద్దున అంత గోల చేసిన సందులో ఇప్పుడు చిన్న చప్పుడు కూడా లేదు. నీళ్ళు అన్నం వడ్డించే పళ్ళెంలాగా సమంగా ఉన్నాయి. రెండు వైపులా గుట్టలు. ఒక గుట్టమీద ఆ మాను కొట్టుకున్న తెల్లటి గాటు. తెడ్డు నీళ్ళలో మునిగి లేవడం వినపడుతోంది. సందు నడిమికి వచ్చాక అదీ ఆగిపోయింది. వెనక నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. నా తమ్ముడు ఏడుస్తున్నాడు.

"అక్కా, నాకు దప్పిక కాల్యా" అన్నాడు.

"తెలుసు."

"నాకే తెలీల్యా అక్కా నేనేం చేస్తాండానో. కాళ్ళు..."

"అయిందిలే. దప్పికైందనే ఉండనీ. ఎవరన్నా అడిగితే నేనూ అదే చెప్తా."

"తిట్టు అక్కా. నువ్వు తిట్టకపోతే నాకు భయమైతాంది."

జన్మలో మొదటిసారి నాకు తిట్టు దొరకలేదు. పొద్దున్నుంచి మూటగట్టుకున్న కోపమంతా ఎటు పోయిందో పోయింది. వాణ్ణి చంకనెత్తుకుని తిరిగిన రోజులే గుర్తొస్తున్నాయి.

"అక్కా, నా దిక్కు ఒక్కసారి తిరుగు" అన్నాడు. "నీ మొహం చూడాల. నీళ్ళు నిలబడే ఉండాయి, పడవ ఊగదు. నేను పట్టుకుంటా. తిరుగు."

తిరగాలనే అనుకున్నాను. నిజం చెబుతున్నాను, మెడ సగం తిప్పాను కూడా. ఆ సగంలో గుట్టమీది తెల్లటి గాటు కంటపడింది. కాఫీ గ్లాసు తీసుకుంటూ నవ్విన వెంకటేష్ గుర్తొచ్చాడు. నా మొహంలో ఏమీ లేదని నాకు తెలుసు. రెండేళ్ళుగా అందరితో పోట్లాడి చెప్పిన మాట అది. కానీ చుట్టూ లోతు తెలియని నీళ్ళున్నాయి. వెనక ఉన్నది నా తమ్ముడు.

నేను తిరగలేదు.

"అక్కా?"

"తెడ్డెయ్యి" అన్నాను. "నీళ్ళు తిరిగేటట్టుండాయి. బేగా ఒడ్డుకు పద."

వాడు ఇంకేమీ అడగలేదు. తెడ్డు వేశాడు. దారి పొడుగునా నేను ఎదుటి ఒడ్డు వైపే చూస్తూ కూచున్నాను. కళ్ళనీళ్ళు కారి జాకెట్ మీద పడుతున్నా తుడుచుకోలేదు, చెయ్యి ఎత్తితే వాడికి తెలుస్తుందని. పడవ అడుగు ఇసుకను రాసుకుంది. నేను దిగాను. వాడు దిగిన చప్పుడైంది. తల వంచుకునే తిరిగి వాడి పాదాలవైపు చూశాను. ముందు ఒక కాలు, తరువాత రెండో కాలు, రెండూ తడి ఇసుకలో గట్టిగా దిగబడ్డాయి.

అప్పుడు తలెత్తి వాడికి నా మొహం చూపించాను.